మెత్తల బేరం

నర్సింగు చదివే పిల్లలు ఈమధ్య నన్ను పిలిచి, "మీ ఉద్యోగంలో మరిచిపోలేని కేసు ఒకటి చెప్పండి మేడమ్" అన్నారు. అందరూ పెన్నులు తీసి సిద్ధంగా కూర్చున్నారు. నేను మొదలుపెట్టిన కాసేపటికి సగం మంది పెన్నులు మూసేశారు. పరీక్షలో రాయడానికి పనికొచ్చేది అందులో ఏమీ లేదని వాళ్ళకు అర్థమైపోయింది. మిగతా సగం మంది మాత్రం నవ్వుతూ చివరిదాకా విన్నారు. ఆ నవ్విన వాళ్ళ కోసం, ఆరోజు తొందరలో వదిలేసినవి కూడా కలిపి ఇప్పుడు రాస్తున్నాను.

ఎనభైల నడుమ సంగతి. ఆర్మూర్‌లో ఒక చిన్న ట్రస్టు దవాఖానలో నర్సుగా చేరాను. పసుపు మార్కెట్టుకు పోయే దారిలోనే ఉండేది మా దవాఖాన. చలి తగ్గి ఎండ ముదిరే రోజుల్లో పసుపు బస్తాల బండ్లు, ట్రాక్టర్లు, లారీలు తెల్లవారింది మొదలు మా గేటు ముందు నుంచే పోయేవి. గాలి నిండా పసుపు దుమ్ము. పొద్దున ఇస్త్రీ చేసి కట్టుకున్న తెల్ల చీర సాయంత్రానికి పెళ్ళికూతురి చీరలా తయారయ్యేది. మా డాక్టరు సారు గుంటూరు వైపు నుంచి కొత్తగా వచ్చినవారు. ఆ దుమ్ము ఆయనకు అలవాటు లేదు. పిల్లల ఛాతీ మీద గొట్టం పెట్టి, "ఊపిరి గట్టిగా పీల్చు నాన్నా" అని, వాళ్ళు పీల్చేలోపు తానే తుమ్మేవారు. ఆ తుమ్ము కోసం పిల్లలు కాచుకొని ఉండేవాళ్ళు. వార్డులో వాళ్ళకు ఉన్న ఒకే ఒక్క వినోదం అది.

పిల్లల వార్డు అంటే పెద్ద హాలేమీ కాదు. ఒక పొడుగాటి గది, రెండు వరుసల్లో ఇనుప మంచాలు. జ్వరాలూ విరేచనాలూ వచ్చిన పిల్లలు రెండు రోజులుండి పోయేవారు. మూల మంచాల్లో ఉండేవాళ్ళు మాత్రం వారాల తరబడి ఉండేవారు. వాళ్ళవి పెద్ద జబ్బులు. వాళ్ళను కదిలించొద్దు, అరవనివ్వొద్దు, మంచం దిగనివ్వొద్దు అని మా పెద్ద సిస్టర్ ఆజ్ఞ. ఆమె మా అందరి మీద అధికారి. గుడ్లురిమి చూస్తే పైన తిరిగే ఫ్యాను కూడా ఆగుతుందని మేము చెప్పుకునేవాళ్ళం. నిజానికి ఆ ఫ్యాను ఆమె చూసినా చూడకపోయినా ఆగేది.

కిటికీ పక్క మంచంలో పదేళ్ళ పిల్లవాడు ఉండేవాడు. మార్కెట్టు వెనక సందులోనే వాళ్ళ ఇల్లు. చిన్నప్పుడు కీళ్ళ జ్వరం వచ్చి, దాంతో గుండె కవాటం చెడింది. హైదరాబాదులో ఆపరేషన్ చేయాలి, వాళ్ళు కబురు పంపేదాకా మా దగ్గర ఉంచాలి. నాలుగు అడుగులు వేస్తే ఆయాసం. పడుకుంటే ఊపిరాడదు, వెనక మెత్తలు, అంటే దిండ్లు, ఎత్తుగా పేర్చుకొని కూర్చోవాల్సిందే. కానీ నోటికి మాత్రం ఏ జబ్బూ లేదు. తోడుగా వాళ్ళ నాయనమ్మ ఉండేది. బక్కపలచని మనిషి, వేళ్ళకు వెండి ఉంగరాలు, మనవడు మాట్లాడుతుంటే నోరు తెరుచుకొని వినేది. ఆమె భర్త, అంటే పిల్లవాడి తాత, బతికి ఉన్నన్నాళ్ళు పసుపు మార్కెట్టులో దళారీ.

వాడి ఎదురు మంచంలోకి కమ్మర్‌పల్లి దగ్గరి పల్లె నుంచి ఏడేళ్ళ పాప వచ్చింది. మూత్రపిండాల జబ్బు. ఒంట్లో ఉండాల్సిన మాంసకృత్తులు మూత్రంలో పోతాయి, ఒళ్ళంతా నీరు పడుతుంది. మొహం గుమ్మడికాయలా ఉబ్బి, కళ్ళు రెండు గీతల్లా మిగిలాయి. చేదు మాత్రలు చాలా రోజులు వాడాలి. కూటిలో ఉప్పు ఉండకూడదు, రోజూ ఒక గుడ్డు పెట్టాలి. ఆ పాప నోరు తెరిచేది కాదు. మాటకూ తెరిచేది కాదు, ముద్దకూ తెరిచేది కాదు. దగ్గరికి వచ్చిన ప్రతి మనిషి చేతిలో సూదో, మాత్రో, ఉప్పు లేని జొన్న గట్కనో ఉంటే ఎందుకు తెరుస్తుంది. వాళ్ళమ్మ పచ్చి బాలింత, రాలేకపోయింది. తండ్రి వచ్చాడు. పసుపు, మొక్కజొన్న పండించే రైతు, పొడుగాటి మనిషి. మంచం పక్కన నేల మీద కూర్చునేవాడు. తండ్రీ బిడ్డా పొద్దంతా మాటలు లేకుండా ఒకే గోడను చూసేవాళ్ళు.

ఒకరోజు పొద్దున నేను వార్డులోకి వెళ్ళేసరికి కిటికీ పక్క పిల్లవాడు మెత్తల గుట్ట మీద జమీందారులా కూర్చొని ఉన్నాడు. మేమిచ్చింది మూడు. వెనక ఆరో ఏడో ఉన్నాయి.

"ఇవన్నీ ఎక్కడివిరా?"

"కొన్న సిస్టరమ్మా."

"దేంతో కొన్నావు?"

"బుక్కలతోని."

బుక్క అంటే ముద్ద. వాడే నాకు పద్ధతి వివరించాడు. వాళ్ళ తాత బేరం చేసేటప్పుడు అమ్మేవాళ్ళ చేయి, తన చేయి ఒక తువ్వాల కింద పెట్టేవాడట. ధర నోటితో చెప్పకూడదు. ఎన్ని వేళ్ళు పట్టుకుంటే అంత ధర. చుట్టూ ఉన్నవాళ్ళకు ఇద్దరి మొహాలు తప్ప ఏమీ కనపడవు. వార్డులో మెత్తలే పసుపు బస్తాలు. ధర బుక్కల్లో. కొన్నవాడు అన్ని బుక్కలు దవాఖాన తిండి తన గిన్నెలోంచి అందరి ముందూ తినాలి. గుండె జబ్బు కనక వాడి తిండిలోనూ ఉప్పు ఉండదు. మూడు రోజులుగా వాడి గిన్నె ఖాళీగా ఎందుకు వస్తున్నదో నాకు అప్పుడు తెలిసింది. అది నా పోరు వల్లనే అనుకొని అప్పటిదాకా మురిసిపోతున్నాను.

ఇక మిగిలింది పాప మెత్త. వాడు మంచం దిగి, మధ్యలో ఒకసారి ఆగి ఊపిరి తీసుకొని, ఆమె దగ్గరికి పోయాడు. ఆపాలి అనుకుంటూనే నేను ఆపలేదు.

"నీ బస్తా అమ్ముతవా?" అన్నాడు. పాప పలకలేదు.

"గదే కావాలె. నోరు తెరవొద్దు. మాట్లాడినోల్లు ఓడినట్టు లెక్క."

వాడు తన తువ్వాల ఆమె చేతి మీద కప్పి, కింద తన చేయి పెట్టాడు. చాలాసేపు ఏమీ కదలలేదు. తండ్రి కూడా గోడ మీద నుంచి చూపు తిప్పి తువ్వాలను చూస్తున్నాడు. ఉన్నట్టుండి తువ్వాల కింద ఏదో కదిలింది. పిల్లవాడి కనుబొమ్మలు పైకి పోయాయి. మళ్ళీ కదిలింది. వాడు తల అడ్డంగా ఊపాడు, బతిమాలినట్టు మొహం పెట్టాడు, నిట్టూర్చాడు, చివరికి చేయి బయటకు తీసి నా వైపు తిరిగాడు.

"పది బుక్కలంటది సిస్టరమ్మా. కడుపుల జర గూడ దయ లేదు. ఎనిమిదికి దింపిన."

తిన్నాడు. ఒక్కో బుక్కకు ఒక్కో రకంగా మొహం పెట్టి తిన్నాడు. నాలుగో బుక్క దగ్గరికి వచ్చేసరికి ఆ పాప కళ్ళు, గీతల్లా ఉన్నవి, వంకర తిరిగాయి. నవ్వుతోందని అర్థం కావడానికి నాకు ఒక క్షణం పట్టింది. అప్పటిదాకా ఆ మొహం నవ్వితే ఎలా ఉంటుందో మాకెవరికీ తెలియదు.

మరుసటి రోజు ఆమెకు తన మెత్త తిరిగి కావాల్సి వచ్చింది. బుక్కలు తినక తప్పలేదు. తిన్నది.

ఆ తర్వాత వార్డుకు పిచ్చి పట్టింది. ఇంతకన్నా మర్యాదైన మాట నాకు దొరకడం లేదు. రెండు రోజుల విరేచనాలకు వచ్చిన పిల్లలు కూడా ఇంటికి పోతూ పోతూ బేరం చేసి పోయేవాళ్ళు. తల్లులు దిగారు. ఊడ్చే ఆయమ్మ చీపురు పక్కన పెట్టి దిగింది. నెత్తురు తీయడానికి వచ్చిన డాక్టరు సారును పాప తువ్వాల చూపించి ఆపేసింది. ఆయన తెల్లబోయి, "ఇదేంటమ్మా, నేను కూడానా?" అన్నారు. ఆయనకు వేళ్ళ లెక్క రాదు. దేనికి ఒప్పుకుంటున్నారో తెలియకుండానే ఒప్పుకొని, పన్నెండు బుక్కలు తిన్నారు. తింటూ మూడుసార్లు తుమ్మారు. ఆ రోజు ఆ గదిలో పుట్టిన నవ్వు రోడ్డు మీదికి వినపడి, ఎవరో బండి ఆపి కిటికీలోంచి తొంగిచూశారు. పాప చేయి చాపి నెత్తురు ఇచ్చింది. బేరం బేరమే.

పెద్ద సిస్టర్‌కు ఈ సంగతి తెలిసింది. వచ్చి తువ్వాల గుంజుకొని, "ఇది దవాఖాననా, అంగడా?" అని మమ్మల్ని వరుసలో నిలబెట్టి కడిగేసింది. పిల్లలు మెత్తకు తొడిగిన గలీబు తీసి దాని కింద చేతులు పెట్టారు. ఆమె గలీబులు తీసుకుపోయింది. దుప్పటి కింద పెట్టారు. దుప్పట్లు తీసుకుపోతే పిల్లలు చలికి వణుకుతారు కనక అక్కడ ఆమె ఆగిపోయింది. మెల్లగా కిటికీ పక్క పిల్లవాడి మంచం మీద కూర్చొని, "ఏదీ, నాతో చెయ్యి బేరం. నేను గెలిస్తే ఈ ఆట బంద్" అంది. వాడు ఉత్సాహంగా చేయి పెట్టాడు. కొంచెం సేపటికి వాడి మొహంలో రంగు మారింది. ఆమె మొహం మాత్రం కొలను నీళ్ళలా కదలలేదు. ఆ చేతిలో ఏం జరిగిందో నాకిప్పటికీ తెలియదు గాని, వాడు తన మెత్తలన్నీ తీసి ఆమె ఒళ్ళో పెట్టి, "ఈ సిస్టరమ్మ మా తాతను గూడ ముంచుతుండె" అన్నాడు.

పెద్ద సిస్టర్ లేచి, ఆ మెత్తలను ఎవరివి వాళ్ళకు పంచి, "పొద్దున పది నుంచి పన్నెండు వరకే. అరుపులుండొద్దు" అని వెళ్ళిపోయింది. గెలిచింది ఆమె. ఆట మాత్రం బంద్ కాలేదు. వరండా మలుపులో ఆమె ఒంటరిగా నవ్వుకోవడం నేను చూశాను, చూడనట్టు నటించాను.

ఈలోపు పాప తండ్రి పసుపు ఉడకబెట్టే పని ఉందని ఊరికి వెళ్ళాడు. వాళ్ళ మేనత్త వచ్చి తోడుండేది. కొన్ని రోజులకు అతను తిరిగొచ్చాడు, కాళ్ళూ చేతులూ మోచేతుల దాకా పసుపు. రావడం రావడమే డాక్టరు సారు దగ్గరికి పోయి, "బిడ్డను తీస్కపోత సారు" అన్నాడు.

"మాత్రలు మధ్యలో ఆపితే చాలా ప్రమాదమయ్యా. అసలు ఇప్పుడిప్పుడే తింటోంది."

"ఇన్ని దినాలాయె. మొకం ఇంక ఉబ్బే ఉన్నది. మా ఊర్ల అందరు ఆకు పసరు పోపియ్యమంటున్నరు. సచ్చినా బతికినా ఇంటికాడ, తల్లి కండ్ల ముంగట ఉంటది."

అతని గొంతులో కోపం లేదు. అలసిపోయిన మనిషి గొంతు. నేను చెప్పి చూశాను, డాక్టరు సారు అతని చేతులు పట్టుకున్నారు. అతను విని, తల ఊపి, అయినా వార్డులోకి నడిచాడు. నెలకొకసారి హైదరాబాదు నుంచి వచ్చే పెద్ద డాక్టరు వచ్చే రోజు కూడా అదే. పెద్ద సిస్టర్ గేటు దగ్గర ఎదురుచూస్తోంది. ఆయన వచ్చేదాకానైనా ఆగమని అడుగుదామని నేను అతని వెనకే పరుగెత్తాను.

అతను బిడ్డను ఎత్తుకోవడానికి వంగాడు. పాప ఏడవలేదు. మెత్త కింద నుంచి తువ్వాల తీసి, తన చేతి మీద కప్పుకొని, తండ్రి వైపు చాపింది.

అతను అట్లాగే వంగి ఉండిపోయాడు. చుట్టూ మంచాల మీద పిల్లలందరూ లేచి కూర్చున్నారు. ఏటా మార్కెట్టులో తువ్వాల కింద చేయి పెట్టి పంట అమ్ముకునే మనిషి అతను. ఆ చేయిని కాదనడం అతనికి చేతకాలేదు. మంచం అంచున కూర్చొని తన పసుపు చేయి తువ్వాల కిందికి పోనిచ్చాడు.

అప్పుడే తలుపు దగ్గర పెద్ద డాక్టరు. వెనక పెద్ద సిస్టర్, రెండు చేతులతో నాకు సైగలు చేస్తోంది, అన్నీ తీసేయండి, అందరినీ పడుకోబెట్టండి అని. పెద్ద డాక్టరు "ఇక్కడేం జరుగుతోంది?" అన్నారు. కిటికీ పక్క పిల్లవాడు తలైనా తిప్పకుండా, "బేరం నడుస్తుంది. జర ఆగుండ్రి సారూ" అన్నాడు.  పెద్ద డాక్టరు ఆగారు.

తువ్వాల కింద పాప చేయి కదులుతోంది. ఐదు వేళ్ళూ పట్టుకుందట, వదిలిందట, మళ్ళీ ఐదూ పట్టుకుందట, తండ్రి తర్వాత చెప్పాడు. తండ్రి లెక్క తప్పాడు. చివరికి ఉండబట్టలేక, "ఏమడుగుతున్నవో నోటితోనన్న చెప్పు బిడ్డా" అన్నాడు.

"మాట్లాడినోల్లు ఓడినట్టు బాపూ" అంది పాప.

ఆ గదిలోకి వచ్చాక ఆమె మాట్లాడిన మొదటి మాట అది. అని, తనూ మాట్లాడేసిందని తెలిసి రెండు చేతులతో నోరు మూసుకుంది. వార్డు వార్డంతా పగలబడి నవ్వింది. పెద్ద సిస్టర్ కూడా నవ్వింది. ఆయమ్మ నవ్వు ఆపుకోలేక నేల మీద కూలబడింది. దళారీ మనవడు మాత్రం గంభీరంగా చేయి పైకెత్తి తీర్పు చెప్పాడు.

"మొదలు మాట్లాడింది మీరే. మీరే ఓడిండ్రు. బుక్కలు తినుండ్రి."

పాప తన గిన్నె తండ్రి చేతిలో పెట్టింది. అతను నవ్వుతూనే మొదటి బుక్క నోట్లో పెట్టుకున్నాడు. నమలడం ఆపాడు. గిన్నెలోకి చూశాడు.

"గిదేంది, ఉప్పే లేదు."

పాప తల ఊపింది.

"దినాం గిదే తింటున్నవా?"

మళ్ళీ ఊపింది.  అతను ఆ గిన్నెలోది చివరి మెతుకు దాకా తిన్నాడు. తినేటప్పుడు అతని వైపు చూడాలని నాకు అనిపించలేదు. గిన్నె కింద పెట్టి మూతి తుడుచుకొని, "ఇప్పుడు చెప్పు. ఏమడిగినవ్?" అన్నాడు.

"ఇంకొన్ని దినాలు గీన్నే ఉంట అన్న" అంది పాప.

"ఉండు. నేను గూడ ఉంట."

పెద్ద డాక్టరు ముందుకు వచ్చి, "నాకూ ఒక ముద్ద పెట్టండి" అన్నారు. నేను వేరే గిన్నెలో తెచ్చి ఇచ్చాను. ఆయన తిన్నారు. "ఉప్పు వద్దన్నాం. రుచి వద్దని ఎవరన్నారు? నిమ్మకాయ పిండండి. వెల్లుల్లి తాలింపు పెట్టండి" అన్నారు. పథ్యం మంచిదని అన్నాళ్ళూ అందరికీ చెప్పిన మేము, పందెంలో ఓడితే తప్ప దాన్ని నాలుక మీద పెట్టుకోలేదు. మరునాటి నుంచి ఆ వార్డు వంటకు వాసన వచ్చింది. ఆయన పాప కడుపు చూడబోతే ఆమె ఆయన చేతి మీద తువ్వాల కప్పింది. అంత పెద్ద మనిషి ఎన్ని బుక్కలకు ఒప్పుకున్నారో బయటపెట్టను.

రోజూ పొద్దున పాప మూత్రాన్ని గాజు గొట్టంలో పోసి స్పిరిట్ దీపం మీద కాచేదాన్ని. మాంసకృత్తులు పోతుంటే అది పాలలా తెల్లగా విరుగుతుంది. ఒక పొద్దున ఎంత కాచినా నీళ్ళలా తేటగా ఉండిపోయింది. నమ్మలేక మళ్ళీ కాచాను. గొట్టం పట్టుకొని వార్డులోకి పరుగెత్తితే, ఉద్యోగంలో పరుగెత్తకూడదని చెప్పే పెద్ద సిస్టర్ నాకన్నా ముందు పరుగెత్తింది. వాపు దిగిన ఆ మొహం చిన్నగా, కోలగా, గడుసుగా ఉంది. అది మాత్రల గొప్పతనమే. కానీ మాత్ర లోపలికి పోవాలంటే ముందు నోరు తెరుచుకోవాలి కదా.

పాప ఇంటికి వెళ్ళిన కొన్నాళ్ళకు పిల్లవాడికి హైదరాబాదు నుంచి కబురొచ్చింది. జీపు ఎక్కేటప్పుడు కూడా డ్రైవరుతో ముందు సీటుకు బేరం చేశాడు, గెలిచాడు. ఆపరేషన్ అయింది. వాడి గుండె దాన్ని తట్టుకోలేదు. కబురు విన్న రోజు డాక్టరు సారు తన గదిలోంచి చాలాసేపు బయటకు రాలేదు. నేను ఆ మంచం మీద దుప్పటి మార్చాను. వార్డులో పదింటికి ఎవరూ తువ్వాల తీయలేదు. పెద్ద సిస్టర్ వచ్చి, గదంతా చూసి, "ఏమైంది, ఇవాళ అంగడి లేదా?" అంది.  పిల్లలు మళ్ళీ మొదలుపెట్టారు.

వానలు పడ్డాక ఒకరోజు, పాప తండ్రితో నెలనెలా చూపించుకోవడానికి వచ్చి వార్డులో కూర్చొని ఉండగా, తలుపు దగ్గర ఆ పిల్లవాడి నాయనమ్మ కనపడింది. ఉడికించిన మక్క కంకులు ఒక గంపలో పెట్టుకొని వచ్చింది.  ఆమె ఏడుస్తుందేమో, ఏడిస్తే ఏం చేయాలో, ఏమని పలకరించాలో ఎవరికీ తెలియలేదు. నేను కుర్చీ తెచ్చి వేశాను. ఆమె కూర్చోలేదు.

"ఇంట్ల ఎవ్వరు ఆని ముచ్చట తీస్తలేరు బిడ్డా. తీస్తె నేను ఏడుస్తనని భయం" అంది నాతో. "గీ పోరగాండ్లన్న తీస్తరేమో అని వచ్చిన."

పాప మంచం మీద నుంచి ఆమెను గుర్తుపట్టింది.

"అవ్వా, మీవోడు నన్ను మోసం జేసిండు" అంది.

 ముసలమ్మ దగ్గరికి పోయింది. "ఏం మోసం జేసిండు?"

"నాకు దినాం గుడ్డు ఇస్తుండిరి. సిస్టరమ్మ అటు తిరగంగనే ఆడు నా గుడ్డు తినేటోడు. నేను తిన్ననని చెప్పుమనేటోడు."

ముసలమ్మ నోరు తెరుచుకొని నిలబడింది. వాళ్ళది గుడ్డు పొయ్యి మీదికి ఎక్కని ఇల్లు. అట్టముక్కతో విసురుకుంటూ మూడు నెలలు మనవడి పక్కన కూర్చున్న మనిషి ఆమె.

"గుడ్డు తిన్నడా? మావోడా?"

"దినాం. ఉప్పు లేకున్న మస్తుగున్నదనేటోడు."

ఆమె మొహంలో ముందు ఏదో విరిగినట్టయింది, ఏడుపే అనుకున్నాను. కాదు. మంచం కడ్డీ పట్టుకొని, వంగిపోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వుతోంది. భుజాలు ఎగిరెగిరి పడేలా నవ్వుతోంది. పాప తండ్రి లేచి పట్టుకోవాల్సి వచ్చింది.

"దొంగనా కొడుకు, నా కండ్ల ముంగటనే" అంది ఆమె, కళ్ళు తుడుచుకుంటూ. తర్వాత పాప పక్కనే మంచం మీద కాళ్ళు మడిచి సర్దుకొని కూర్చుంది. కంకుల గంప పిల్లల మధ్యకు తోసింది.

"చెప్పు బిడ్డా. ఇంక ఏమేం జేసిండు?"

వాడిని ఎరిగిన పిల్లలందరూ ఒక్కసారిగా చెప్పడం మొదలుపెట్టారు.